పదిలక్షల్లో మూడు

పది వేల ఆంపియర్లు.
నా ముంజేయంత లావు రాగి కడ్డీలు నాలుగు, పక్కపక్కన.
వాటిలో చప్పుడు లేదు,
చల్లబరిచే నీళ్ల గొట్టం మాత్రం గుర్రు పెడుతుంటుంది
మర్రిపాలెంలో, రైలు పట్టాల పక్కన, మా షెడ్డులో.

ఇంత కరెంటు ఎందుకని అడుగుతారు.
ఎక్కడో దూరాన, నేల కింద, ఒక వలయం ఉంది.
అందులో కంటికి ఆనని కణాలు పరిగెడతాయి.
వాటిని మలుపు తిప్పేది అయస్కాంతం,
అయస్కాంతాన్ని నిలబెట్టేది కరెంటు.
అది వెంట్రుకవాసి తప్పినా
కణం గోడకి కొట్టుకుని ఆరిపోతుంది.
ఆ వలయాన్ని నేను చూడలేదు. చూడబోను కూడా.
దానికి కొలత పంపడం మా పని:
ఏడాదికి ఆరు పెట్టెలు, చుట్టూ రంపపు పొట్టు పోసి.

నూకరత్నం వాళ్ల పెద్దమ్మ అడిగిందట
ఫిషింగ్ హార్బర్లో వంజరం తూస్తూ:
"ఏటే గుంటా, అవుపడందాన్ని ఏటెట్టి కొలుత్తారు?"
నూకరత్నం ఆమె చేతిలో తక్కెడే చూపించింది.
ఒక పళ్లెంలో చేప. రెండో దాంట్లో రాళ్లు.
ముల్లు నిటారుగా నిలిచాక
చేపని ఎవరూ చూడరు, రాళ్లే లెక్కపెడతారు.

మాదీ అదే తూకం.
కడ్డీ చుట్టూ ఒక ఇనుప కంకణం,
కంకణానికి సన్నటి తీగ, రెండు వేల చుట్లు.
పది వేలు అటు తోస్తే
అయిదే అయిదు ఆంపియర్లు
రెండు వేలసార్లు తిరిగి ఇటు తోస్తాయి.
మధ్యలో ఇనుము
ఏమీ జరగనట్టు కూచుంటుంది.
అది అలా కూచున్నంతసేపే
మా లెక్క సరి.

ఫిబ్రవరిలో తప్పడం మొదలైంది.
పదిలక్షల్లో మూడు.
అంటే ముప్పై మిల్లీ ఆంపియర్లు,
టీవీ కింద ఎర్రచుక్క వెలగడానికి చాలినంత.
రాత్రి రెండు దాటాక వచ్చేది,
నాలుగైదు నిమిషాలుండి పోయేది.
ముందు సముద్రాన్ని తిట్టాను.
ఈ ఊళ్లో ఏది పాడైనా మొదటి ముద్దాయి అదే కదా,
ఉప్పుగాలి, చెమ్మ, తుప్పు.
తర్వాత రెసిస్టరుని. దాన్ని నూనెలో ముంచి
బాలింతని చూసుకున్నట్టు ఇరవై మూడు డిగ్రీల దగ్గర ఉంచాం.
తర్వాత ఏసీని.
తర్వాత, కొంచెం, నూకరత్నాన్ని.
"మూడే కదమ్మా, సగటులో కలిసిపోద్ది"
అన్నారు గొర్లె వారు, స్కూటర్ తాళాలు వెతుక్కుంటూ.

ఆమె ఆ రాత్రి ఇంటికి పోలేదు.
నోటుబుక్కులో నిలువు గీత గీసి
ఒకవైపు అంకె, ఒకవైపు చెవినపడింది రాసింది.
2-11 కుక్క.
2-14 ఎవరిదో బైకు, స్టార్టవలేదు.
2-19 ఓర్ బండి.
2-19 మూడు.
మర్నాడు 2-36 ఓర్ బండి.
2-36 మూడు.

కిరండోల్ కొండల్లో నింపుకుని
అరకు సొరంగాల్లో దూరి, లేచి,
యాభై ఎనిమిది వ్యాగన్లు
పోర్టుకి పోతున్నాయి మా గోడ వెనకనుంచి.
అంత ఇనుము కదిలిపోతుంటే
మా కంకణంలో గుప్పెడు ఇనుము
అటు ఒకసారి తల తిప్పి చూస్తోంది.
అంతే.

ఇంకో రెండు పొరల తొడుగు వేశాం.
మూడు కాస్తా అరకి దిగింది.
"బాహ్య అయస్కాంత ప్రభావం, సరిదిద్దడమైనది"
అని రిపోర్టులో రాశాను.
ఎవరు కనిపెట్టారో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.
నేను ఆమెని తిట్టిన ఆ కొంచెం
ఎంతో, ఏ కంకణం తొడిగి చూడాలో
నాకు తెలియలేదు. అడగనూ లేదు.

ఇప్పటికీ రాత్రి డ్యూటీలో ఓర్ బండి వస్తే
టీ గ్లాసులో సన్నటి వలయాలు లేస్తాయి,
ఇద్దరం మీటరు వైపు చూస్తాం.
అంకె కదలదు.
అయినా ఆమె పెన్ను మూత తీసి
టైము రాసుకుంటుంది.